మెజెంటా గీత మాయమైనప్పుడు

2001 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా తీరాన మాస్ లాండింగ్ అనే చిన్న రేవులో పడవల మీది జీపీఎస్ పెట్టెలు మొరాయించాయి. ఒక పెట్టె పాడైతే బాగు చేయించుకోవచ్చు, కాకపోతే కొత్తది కొనుక్కోవచ్చు. రేవులోకి వచ్చిన ప్రతి పెట్టే గుడ్డిదైపోయి, రేవు దాటి సముద్రంలోకి వెళ్ళగానే మళ్ళీ చూపు తెచ్చుకుంటుంటే మాత్రం ఏం చేయాలో ఎవరికీ పాలుపోలేదు. అక్కడి సముద్ర పరిశోధన సంస్థవాళ్ళూ, పక్కనే మాంటెరేలో ఉన్న నౌకాదళ విద్యాసంస్థ నిపుణులూ యాంటెన్నాలు చేతపట్టి వెతకడం మొదలుపెట్టారు. శత్రుదేశపు కుట్రేమీ బయటపడలేదు. పడవల్లో కూర్చుని టీవీ చూసుకోవడానికి బిగించిన యాంటెన్నాలు దొరికాయి. సంకేతాన్ని పెంచడానికి వాటిలో ఒక చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది. అది అదుపు తప్పి, సరిగ్గా జీపీఎస్ వాడే పౌనఃపున్యం మీదే రేడియో తరంగాలు వెదజల్లుతోంది. అలాంటివి మూడు తేలాయి. వాటిని అమ్మినవాళ్ళకూ తెలియదు, కొన్నవాళ్ళకూ తెలియదు.

దుకాణంలో దొరికే ఒక వస్తువు రేవు మొత్తానికి దారి తెలియకుండా చేయగలిగిందంటే ఆశ్చర్యమే. జీపీఎస్ సంకేతం ఎంత బలహీనమో తెలిస్తే ఆ ఆశ్చర్యం తగ్గుతుంది. ఉపగ్రహాలు నేలకు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ఒక్కోటి ఈ సంకేతం కోసం వెచ్చించే శక్తి పాతకాలపు ఫిలమెంటు బల్బు కాల్చే కరెంటు పాటిది. అది సగం భూగోళం మీద పరుచుకుని మన దగ్గరకు వచ్చేసరికి మిగిలేది ఎంత? ఒక వాటును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక్క భాగంలో వందో వంతు. రిసీవర్‌లో సహజంగా ఉండే రేడియో రొద కూడా దీనికంటే గట్టిగానే ఉంటుంది. సంకేతం ఏ వరుసలో వస్తుందో రిసీవర్‌కు ముందే తెలుసు కాబట్టి, ఆ వరుసను పట్టుకుని రొదలోంచి దాన్ని బయటికి లాగుతుంది. పక్కనే ఇంకెవరైనా అదే పౌనఃపున్యం మీద కాస్త గొంతు పెంచితే ఇక ఆ వరుస చేతికి చిక్కదు.

ఇంత సన్నని దారం మీద ఇవాళ చిన్న విమానాల లోకం దాదాపుగా ఆధారపడి ఉంది.

చిన్న విమానం అంటే ఇక్కడ సెస్నా 172 లాంటిది అనుకుందాం. ఒక ఇంజను, నాలుగు సీట్లు, ప్రపంచంలో ఎక్కువమంది పైలట్లు విద్య నేర్చుకున్న విమానాల్లో ఒకటి. పెద్ద జెట్ విమానంలో ఉపగ్రహాలు కనబడకపోయినా ఇనర్షియల్ వ్యవస్థలు ఉంటాయి. బయటి నుంచి ఏ సంకేతమూ అక్కర్లేకుండా, విమానం ఎటు తిరిగింది, ఎంత వేగం పుంజుకుంది అన్నది తమంతట తామే కొలుచుకుంటూ, ఎక్కడున్నామో లెక్క కడతాయి. అవి పెద్ద విమానంలో ఒకటికి రెండు మూడు ఉంటాయి. పక్కన రెండో పైలట్ కూడా ఉంటాడు. సెస్నాలో ఆ ఖరీదైన పెట్టెలు ఉండవు. ఉన్నవాడు ఒక్కడే. విమానం నడపాలి, రేడియోలో మాట్లాడాలి, దారి వెతుక్కోవాలి, పక్క సీట్లో బంధువు ఏమైందని అడిగితే సమాధానమూ చెప్పాలి.

అతని ముందు తెర మీద మెజెంటా రంగులో ఒక గీత ఉంటుంది. వెళ్ళాల్సిన దారి అదే. విమానం బొమ్మ ఆ గీత మీద ఉందంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. 1997లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ శిక్షకుడు వారెన్ వాండర్‌బర్గ్ డాలస్‌లో పైలట్లకు ఇచ్చిన ఒక పాఠంలో, ఈ గీతకు అలవాటు పడి యంత్రాన్ని పక్కన పెట్టి విమానం నడపడం మరిచిపోతున్నవాళ్ళను మెజెంటా గీత పిల్లలన్నాడు. ఆ మాట జెట్ పైలట్ల గురించి పుట్టింది. ఇప్పుడు అది ఎక్కువగా అతికేది చిన్న విమానాలకే అనిపిస్తుంది. వాటిలో జీపీఎస్ పోతే ఆ గీత ఒక్కటే పోదు. దాని వెనక ఆటోపైలట్ ఉంది. కొండలు దగ్గరపడుతున్నాయని హెచ్చరించే వ్యవస్థ ఉంది. తానెక్కడున్నదీ చుట్టూ ఉన్న విమానాలకు చాటే ఏడీఎస్-బీ ప్రసారం ఉంది. ఇవన్నీ వేరు వేరు పరికరాల్లా కనిపిస్తాయి కానీ అన్నిటికీ స్థానం తెలిపేది ఆ ఒక్క జీపీఎస్సే.

చాలామంది పైలట్లు తొడ మీద ఐప్యాడ్ కట్టుకుని, ప్యానెల్‌లోది పోయినా ఇది ఉందిగా అని ధైర్యంగా ఉంటారు. బ్యాటరీ అయిపోయినప్పుడో, ఫ్యూజు కాలినప్పుడో ఆ ధైర్యం నిజంగానే అక్కరకొస్తుంది. జీపీఎస్ పౌనఃపున్యాన్ని రొదతో ముంచేసే జామింగ్ వస్తే మాత్రం ఐప్యాడ్ వినేదీ అవే ఉపగ్రహాలను, అదే పౌనఃపున్యం మీద. రెండు తెరలూ ఒకేసారి గుడ్డివైపోతాయి. జేబులోని ఫోన్‌దీ అదే కథ. కాబట్టి తెరలు ఎన్ని ఉన్నాయన్నది లెక్కలోకి రాదు. అవి ఎన్ని వేర్వేరు చోట్ల నుంచి సమాచారం తెచ్చుకుంటున్నాయి అన్నదే పైలట్‌కు కావలసిన లెక్క.

జీపీఎస్ రకరకాలుగా పోతుంది. అన్నిటికంటే మేలైన రకం, చెప్పి పోయేది. గార్మిన్ జీఎన్ఎస్ 430 లాంటి పాత పెట్టెలో తెర కింద ఎడమ మూల ఇంటెగ్ అన్న అక్షరాలు పసుపు రంగులో వెలుగుతాయి. నా లెక్క మీద నాకే నమ్మకం లేదు అని దాని అర్థం. కొత్త జీ1000 తెర ఉన్న విమానంలో మ్యాప్ మీద డీఆర్ అన్న అక్షరాలు పడతాయి. చివరిసారి తెలిసిన చోటు, విమానం ముక్కు చూపుతున్న దిక్కు, వేగం, గాలి లెక్కేసుకుని విమానం బొమ్మను అది అంచనాతో కదుపుతుంటుంది. బొమ్మ కదులుతూనే ఉంటుంది కాబట్టి, ఆ రెండు అక్షరాలు గమనించకపోతే పైలట్‌కు ఏమీ జరగనట్టే ఉంటుంది.

రిసీవర్‌కు తన లెక్క మీద అనుమానం ఎలా వస్తుంది? స్థానం తేల్చడానికి నాలుగు ఉపగ్రహాలు చాలు. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, రిసీవర్ గడియారంలో తప్పు, ఈ నాలుగూ తెలియనివి కాబట్టి నాలుగు కొలతలు కావాలి. ఐదోది ఉంటే లెక్కలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని సరిచూసుకోవచ్చు. ఆరోది కూడా ఉంటే తప్పు చెబుతున్నది ఎవరో పట్టుకుని దాన్ని పక్కన పెట్టొచ్చు. విమాన రిసీవర్లలో ఈ పనిని రెయిమ్ అంటారు. 2004 జనవరి 1న ఒక జీపీఎస్ ఉపగ్రహంలోని గడియారం చెడిపోయి, నేల మీదివాళ్ళు దాన్ని పక్కన పెట్టేలోపు గంటల కొద్దీ తప్పుడు సమయం చెప్పింది. ఇక్కడ ఒక మైక్రోసెకను తేడా అంటే 300 మీటర్ల తేడా. అలాంటి పూట రెయిమ్ ఉన్న రిసీవర్ ఆ ఒక్క ఉపగ్రహం మాట వినకుండా మిగతావాటితో పని కానిచ్చుకోగలదు.

అబద్ధం చెప్పేది ఒక్కటే అయితే దాన్ని పట్టుకోవచ్చు. అందరూ కూడబలుక్కుని ఒకే అబద్ధం చెబితే?

స్పూఫింగ్ అంటే అదే. ఎవరో నేల మీది నుంచి ఉపగ్రహాల సంకేతాలకు నకళ్ళు తయారుచేసి, అసలువాటికంటే కాస్త గట్టిగా పంపుతారు. నకళ్ళన్నీ ఒకదానితో ఒకటి చక్కగా పొసగుతాయి కాబట్టి రెయిమ్‌కు అనుమానం రాదు. 2013లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన టాడ్ హంఫ్రీస్ బృందం మధ్యధరా సముద్రంలో వైట్ రోజ్ ఆఫ్ డ్రాక్స్ అనే 65 మీటర్ల విహారనౌక మీద, యజమాని అనుమతితోనే, దీన్ని చేసి చూపించింది. నకలు సంకేతాన్ని మొదట అసలుదానికి సరిగ్గా సరిపోయేలా పంపి, తర్వాత కొద్దికొద్దిగా పక్కకు జరిపారు. నౌక దారి తప్పిందని యంత్రం సరిదిద్దుకుంది. సరిదిద్దుకున్నాననుకుంటూ నిజంగానే దారి తప్పింది. ఒక్క హెచ్చరిక గంటా మోగలేదు.

దశాబ్దం తిరిగేసరికి ఇది ప్రయోగశాల దాటి రోజువారీ బెడదైంది. 2023 సెప్టెంబరులో ఇరాక్, ఇరాన్ సరిహద్దు దగ్గర వరసగా విమానాల దిక్కు లెక్కలు తారుమారయ్యాయి. ఒక బిజినెస్ జెట్ అనుమతి లేకుండా ఇరాన్ గగనతలంలోకి వెళ్ళబోయి కొద్దిలో తప్పించుకుంది. యూరప్‌లో బాల్టిక్ సముద్రం చుట్టూ జామింగ్ మామూలైపోయింది. 2024 ఏప్రిల్ చివర్లో ఎస్తోనియాలోని తార్తూకు బయలుదేరిన రెండు ఫిన్‌ఎయిర్ విమానాలు దిగలేక హెల్సింకీకి తిరిగి వచ్చేశాయి. అక్కడ దిగే పద్ధతులు జీపీఎస్ మీదే ఆధారపడి ఉండటంతో ఫిన్‌ఎయిర్ నెల రోజులు సర్వీసు ఆపేసింది. వేరే పద్ధతి ఏర్పాటయ్యాకే మళ్ళీ మొదలుపెట్టింది.

చిన్న విమానం పైలట్‌కు ఇలాంటి అబద్ధం పట్టుకునే ఉపాయాలు ఉన్నాయి. అవి ఖరీదైనవేమీ కావు. జీపీఎస్ చెప్పే నేల వేగం, గాలిలో వేగం చూపే మీటరు ముల్లు, ఈ రెంటి మధ్య తేడా గాలి వల్ల రావాలి. పొద్దున వాతావరణ నివేదికలో 15 నాట్ల గాలి అని ఉంటే, 120 నాట్లు పోయే సెస్నా నేల మీద 135 పోవచ్చు, 105 పోవచ్చు. తెర మీద ఉన్నట్టుండి 240 కనిపిస్తే అది తోకగాలి పుణ్యం కాదు. ఎత్తు కూడా అంతే. గాలి పీడనంతో పనిచేసే ఆల్టిమీటర్ ఉపగ్రహాల ఊసే ఎరగదు. దానికీ జీపీఎస్ ఎత్తుకూ సాధారణంగా ఉండే తేడా ఒక్కసారిగా వేలల్లోకి పోతే ఎక్కడో మోసం ఉంది. స్పూఫింగ్‌లో చాలాసార్లు సమయం కూడా మారిపోతుంది. ప్యానెల్‌లోని గడియారం గంటలు దాటిపోయి, చేతి గడియారం మాత్రం నిక్షేపంగా నడుస్తుంటే చేతి గడియారాన్నే నమ్మాలి.

ఇక గీత మాయమైందే అనుకుందాం. మొదటి నిమిషంలో పైలట్ చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. రెక్కలు సమంగా పెట్టి, ఎత్తు నిలిపి, విమానం ముక్కు చూపుతున్న దిక్కును, అంటే హెడింగ్‌ను, అలాగే పట్టి ఉంచాలి. టైము చూసి కాగితం మీద రాసుకోవాలి. చివరిసారి ఖాయంగా తెలిసిన చోటు ఏదో దాని పక్కన రాసుకోవాలి. ఇంతే. కొత్తవాళ్ళు సరిగ్గా ఇక్కడే తడబడతారు. పెట్టె ఆపి మళ్ళీ వేస్తారు, మెనూలు తిప్పుతారు, తల వంచుకుని బటన్లు నొక్కుతుంటే విమానం మెల్లగా ఒక పక్కకు ఒరిగిపోతుంది. సెస్నా నిమిషానికి దాదాపు రెండు నాటికల్ మైళ్ళు పోతుంది. అంటే మూడున్నర కిలోమీటర్లకు పైనే. పది నిమిషాలు పెట్టెతో కుస్తీ పడితే 37 కిలోమీటర్ల అవతల తలెత్తుతాడు.

హెడింగ్‌ను అలాగే ఉంచమనడంలో ఒక చక్కని కిటుకు ఉంది. గీత పోయినా గాలి ఎక్కడికీ పోలేదు. నిమిషం కిందటి దాకా ఏ హెడింగ్ పట్టుకుంటే విమానం గీత మీద నిలబడిందో, పక్కగాలికి ఎంత దిద్దుబాటు కావాలో ఆ అంకెలోనే ఉంది. ఆ హెడింగ్ మరికొంతసేపు సరైనదే. గీత లేదు కదా అని మ్యాప్ మీద కోణం కొలిచి కొత్త హెడింగ్ పట్టుకున్నవాడు గాలి లెక్క కూడా కొత్తగా వేసుకోవాలి.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో చూద్దాం. విమానం తూర్పుకు పోతోంది, గాలిలో వేగం 120 నాట్లు. ఉత్తరం నుంచి 10 నాట్ల గాలి వీస్తోంది. నేల మీద నిలబడ్డవాడికి చెట్ల ఆకులు ఊగే పాటి గాలి అది. విమానాన్ని మాత్రం దక్షిణానికి దాదాపు ఐదు డిగ్రీలు నెడుతుంది. పైలట్లకు కంఠతా ఉండే అరవైలో ఒకటి అన్న లెక్క ఇక్కడ పనికొస్తుంది. 60 మైళ్ళు పోయాక ఒక డిగ్రీ తప్పుకు ఒక మైలు పక్కకు. అరగంటకు 60 మైళ్ళు, ఐదు డిగ్రీలకు ఐదు మైళ్ళు, కిలోమీటర్లలో తొమ్మిదికి పైన. మంచుతెర వల్ల పది కిలోమీటర్లకు మించి కనపడని పూట వెతుకుతున్న ఊరు కనుచూపు అంచున పడుతుంది. ఇంకో పావుగంట అదే తప్పుతో పోతే అసలు కనబడదు.

దిక్సూచి కూడా అడగ్గానే నిజం చెప్పే రకం కాదు. విమానం మలుపులో ఉన్నప్పుడూ, వేగం మారుతున్నప్పుడూ దాని ముల్లు అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఉత్తరార్ధగోళంలో తూర్పుకో పడమటికో పోతూ వేగం పెంచితే, విమానం ఏమాత్రం తిరగకపోయినా దిక్సూచి ఉత్తరానికి తిరిగినట్టు చూపుతుంది. అందుకే నిలకడగా ఎగిరే సమయం చూసి దాన్ని చదివి, ఆ అంకెకు ప్యానెల్‌లో దిక్కు చూపే జైరో పరికరాన్ని సరిచేసుకుంటారు. జైరో నిలకడగా ఉంటుంది కానీ మెల్లగా జారుతుంది, కాబట్టి పావుగంటకోసారి ఈ పని మళ్ళీ చేయాలి.

నేల కనిపిస్తున్నంతసేపు ఇవన్నీ నల్లేరు మీద నడకే. నేల మీద గుర్తులతో దారి వెతికేవాళ్ళకు శిక్షకులు ఒక వరస నేర్పుతారు: ముందు గడియారం, తర్వాత మ్యాప్, ఆ తర్వాతే నేల. ఇప్పుడు పది నలభై, కాబట్టి మ్యాప్ ప్రకారం ఎడమ పక్క రైలు పట్టాలు, కాలువ కలిసే చోటు రావాలి, వచ్చిందా అని కిందికి చూడాలి. తారుమారు చేసి ముందు నేలను చూసి మ్యాప్‌లో వెతికితే, ఏ చెరువైనా కావలసిన చెరువులాగే కనిపిస్తుంది. దారి తప్పినవాడి కంటికి ప్రతి ఊరూ తను వెతుకుతున్న ఊరే.

ఈ విద్యలో ఆరితేరినవాళ్ళలో ఫ్రాన్సిస్ చిచెస్టర్ ఒకడు. 1931లో అతను జిప్సీ మాత్ అనే చిన్న విమానానికి తేలే తొడుగులు బిగించి న్యూజిలాండ్ నుంచి టాస్మన్ సముద్రం మీదుగా ఆస్ట్రేలియాకు ఒంటరిగా బయలుదేరాడు. ఒక్క దూకులో దాటేంత ఇంధనం పట్టదు. మధ్యలో నార్‌ఫోక్ దీవి, లార్డ్ హౌ దీవి అనే రెండు చుక్కలను పట్టుకుని తీరాలి. రేడియో దారిదీపాలు లేవు. ఒక చేత్తో విమానం నడుపుతూ సెక్స్‌టంట్‌తో సూర్యుడి ఎత్తు కొలిచి లెక్క కట్టాలి. నేరుగా దీవి వైపే పోయి, లెక్క వేసిన వేళకు దీవి కనబడకపోతే ఎడమకు తిరగాలా కుడికి తిరగాలా అన్నది తేలదు. అందుకని అతను కావాలనే దీవికి ఒక పక్కగా గురిపెట్టాడు. ఎటు తప్పాడో ముందే తెలుసు కాబట్టి, సూర్యుడి కొలత చెప్పిన చోట ఏ మాత్రం సందేహించకుండా ఒకే వైపు తిరిగి దీవిని చేరుకున్నాడు. లార్డ్ హౌ దగ్గర తుఫాను గాలికి విమానం తలకిందులై ధ్వంసమైతే, దీవివాళ్ళ సాయంతో దాన్ని తిరిగి కట్టుకుని మరీ ఆస్ట్రేలియా చేరాడు. జీపీఎస్ పోయిన పైలట్ ఇవాళ కూడా ఇదే పద్ధతి వాడొచ్చు. వెతుకుతున్న విమానాశ్రయం నది ఒడ్డున ఉంటే, కావాలనే దానికి ఎగువన గురిపెట్టి, నది కనబడగానే దిగువకు తిరిగితే సరి.

మబ్బుల్లో ఉన్నవాడికి నదులు, పట్టాలు పనికిరావు. అతనికి దిక్కు వీఓఆర్. నేల మీద గుండ్రని కట్టడంలా కనిపించే ఈ రేడియో కేంద్రం ఒకేసారి రెండు సంకేతాలు పంపుతుంది. ఒకటి అన్ని దిక్కులకూ ఒకేలా ఉంటుంది. రెండోది దిక్కును బట్టి మారుతుంది. రెంటి మధ్య తేడా కొలిస్తే, కేంద్రం నుంచి మనం ఏ దిక్కున ఉన్నామో డిగ్రీల్లో తెలుస్తుంది. రెండు కేంద్రాల నుంచి రెండు గీతలు గీస్తే అవి కలిసిన చోటే విమానం. పౌనఃపున్యం తిప్పాక, ఆ కేంద్రం తన పేరును మోర్స్ చుక్కలూ గీతలుగా పలుకుతుంటుంది. అది చెవితో విని ఖాయం చేసుకున్నాకే సూదిని నమ్మాలి. జీపీఎస్ రోజుల్లో అందరూ ఎగరగొట్టేసే మెట్టు ఇదే. చిక్కేమిటంటే ఇది చూపు పారినంత దూరమే పనిచేస్తుంది. 5,000 అడుగుల ఎత్తున ఉన్న విమానానికి సుమారు 85 నాటికల్ మైళ్ళు. కిందికి దిగితే ఇంకా తక్కువ.

ఆ కేంద్రాల నిర్వహణ ఖర్చు తక్కువేమీ కాదు. అందుకే అమెరికాలో వాటిని 896 నుంచి 2030 నాటికి 590కి తగ్గిస్తున్నారు. ఏవి ఉంచాలన్నది ఒక ప్రశ్న పెట్టుకుని తేల్చారు: దేశంలో ఎక్కడైనా జీపీఎస్ పోయిన విమానం 100 నాటికల్ మైళ్ళలోపు, జీపీఎస్ అవసరం లేకుండా దిగగల విమానాశ్రయం చేరగలదా? పొదుపు చేయక తప్పనప్పుడు ఇంత తెలివిగా చేయడం అరుదు.

జామర్ విషయంలో ఎత్తు ఎలా పనిచేస్తుందో కూడా తెలిసి ఉండాలి. నేల మీది జామర్ కూడా చూపు పారినంత దూరమే పోతుంది. ఎత్తుకు పోయినకొద్దీ అది ఎక్కువ దూరం నుంచి విమానాన్ని చూడగలదు. న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ క్షిపణి ప్రయోగ క్షేత్రంలో సైన్యం జామింగ్ పరీక్షలు చేసేటప్పుడు పైలట్లకు ముందే నోటీసు ఇస్తారు. అందులో ఒక్కో ఎత్తుకు ఒక్కో వ్యాసార్థం ఉంటుంది. నేలకు దగ్గరగా చిన్న వలయం, జెట్ విమానాల ఎత్తులో వందల మైళ్ళ వలయం. కాబట్టి కింద కొండలు లేకపోతే, నేల కనబడుతుంటే, కాస్త దిగడం వల్ల జీపీఎస్ తిరిగి రావచ్చు. వీఓఆర్‌కు ఎత్తు కావాలి, జామర్ నుంచి తప్పించుకోవడానికి దిగాలి. ఏది ఎప్పుడన్నది ఆ క్షణాన పైలట్ తేల్చుకోవాల్సిందే. నిజంగా ప్రాణం మీదికి వస్తే, పరీక్ష ఆపించడానికి రేడియోలో చెప్పే సంకేతపదం ఒకటి ఉంది: స్టాప్ బజర్. 2016లో కాలిఫోర్నియాలోని చైనా లేక్ దగ్గర జరగబోయే పరీక్షకు ఇచ్చిన నోటీసులో ఎంబ్రాయర్ ఫీనమ్ 300 పైలట్లను ప్రత్యేకంగా దూరంగా ఉండమన్నారు. జీపీఎస్ పోతే ఆ విమానంలో నిలకడను చూసే వ్యవస్థల మీద కూడా ప్రభావం పడొచ్చన్నది భయం.

కొన్నిసార్లు జామర్ విమానంలోనే ఉంటుంది, అదీ పైలట్ చేతిలోనే. జీపీఎస్ పౌనఃపున్యం 1575.42 మెగాహెర్ట్జ్. దాన్ని 13తో భాగిస్తే దాదాపు 121.19 వస్తుంది, 12తో భాగిస్తే 131.29. విమాన రేడియోలు మాట్లాడుకునే పట్టీలోనే ఈ రెండూ ఉన్నాయి. ఆ దరిదాపుల్లోని పౌనఃపున్యం మీద పైలట్ మైకు నొక్కి మాట్లాడితే, దాని పన్నెండో పదమూడో గుణకం సరిగ్గా జీపీఎస్ మీద పడి రిసీవర్‌ను తికమక పెట్టగలదు. రిసీవర్ బిగించేటప్పుడు మెకానిక్ ప్రత్యేకంగా ఆ పౌనఃపున్యాలు తిప్పి పరీక్షించమని గార్మిన్ మాన్యువళ్ళలో ఉంటుంది. మాట్లాడిన ప్రతిసారీ గీత పోయి, ఆపగానే వస్తుంటే, తప్పు ఆకాశంలో వెతకనక్కర్లేదు.

అన్నిటికంటే గడ్డు ఘడియ దిగేటప్పుడే. రన్‌వే వైపు దిగుతుండగా జీపీఎస్ చేతులెత్తేస్తే కొత్త గార్మిన్ పెట్టెలు దిగడం మానుకోమని సూటిగా చెబుతాయి. రన్‌వే కళ్ళెదుట కనిపిస్తుంటే తప్ప అప్పుడు చర్చలేమీ ఉండకూడదు, పైకి లేచిపోవాలి. 2018 ఆగస్టులో అమెరికాలోని ఐడహోలో, కొండల మధ్య ఉన్న ఫ్రీడ్‌మన్ మెమోరియల్ విమానాశ్రయానికి ఒక ప్రయాణికుల విమానం వస్తోంది. కార్చిచ్చు పొగతో కొండలు కనబడటం లేదు. ఆ పరిసరాల్లో జీపీఎస్ అంతరాయాలు ఉన్నాయని అప్పటికే విమానాలు చెబుతున్నాయి. ఈ విమానం దారి తప్పి ఒక కొండ వైపు పోతోందని సాల్ట్ లేక్ సిటీలోని కంట్రోలర్ రాడార్ మీద గమనించి హెచ్చరించాడు కాబట్టి బతికి బయటపడ్డారు. రాడార్ ఉపగ్రహాల మీద ఆధారపడదు. చిన్న విమానం పైలట్ దారి తెలియడం లేదని కంట్రోలర్‌తో ఎంత తొందరగా ఒప్పుకుంటే అంత మంచిదని శిక్షకులు పదే పదే చెప్పేది అందుకే. ఎవరితోనూ సంబంధం లేకపోతే 121.5 మెగాహెర్ట్జ్ మీద పిలవొచ్చు, ఆ పౌనఃపున్యాన్ని ఎవరో ఒకరు వింటూనే ఉంటారు.

భారతదేశానికి మరో చిక్కు ప్రకృతి నుంచే వచ్చింది. భూ అయస్కాంత మధ్యరేఖకు రెండు పక్కలా పైవాతావరణంలో ఎలక్ట్రాన్లు గుంపుగా చేరతాయి. ఉత్తరపు గుంపు మన దేశం మీదే ఉంటుంది. సూర్యుడు అస్తమించాక అక్కడ బుడగల్లాంటి ఖాళీలు ఏర్పడి ఉపగ్రహ సంకేతాలను మిణుకుమిణుకుమనేలా చేస్తాయి. జీపీఎస్‌లోని తప్పులను దిద్ది పంపే మన గగన్ వ్యవస్థను తయారు చేసినవాళ్ళకు ఇదే పెద్ద సవాలైంది. అమెరికా నమూనా ఇక్కడ పనికిరాక, మన ఆకాశానికి తగ్గ నమూనా కట్టుకోవాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ విభాగం ఏళ్ళ తరబడి కొలిచింది ఈ ఎలక్ట్రాన్లనే. సౌర తుఫాను వస్తే దిద్దుబాటు వ్యవస్థలే చేతులెత్తేస్తాయి. 2003 అక్టోబరు చివర్లో వచ్చిన తుఫానులో అమెరికా వ్యవస్థ నుంచి ఎత్తుకు సంబంధించిన సేవ దాదాపు 30 గంటలు అందలేదు.

మనుషులు చేసే పని కూడా ఇక్కడ తక్కువేమీ లేదు. 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి వరకు అమృత్‌సర్, జమ్మూ సరిహద్దు ప్రాంతాల్లోనే 465 అంతరాయాలు నమోదయ్యాయని ప్రభుత్వం లోక్‌సభకు చెప్పింది. 2025 నవంబరులో ఢిల్లీలో జీపీఎస్ ఆధారంగా పదో నంబరు రన్‌వే మీద దిగుతున్న విమానాలకు స్పూఫింగ్ ఎదురైంది. పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు డిసెంబరు 1న పార్లమెంటుకిచ్చిన జవాబులో దీన్ని ధ్రువీకరించారు. అంతరాయాల నివేదికలు వస్తున్న విమానాశ్రయాల జాబితాలో కోల్‌కతా, ముంబయి, బెంగళూరు, చెన్నైలతో పాటు హైదరాబాద్ పేరూ ఉంది. మన దేశంలోనూ నేల మీది పాత రేడియో కేంద్రాలను కనీస సంఖ్యలో ఉంచుతున్నామని అదే జవాబులో చెప్పారు.

అడ్డుకట్టలు కూడా మెల్లగా వస్తున్నాయి. యూరప్‌కు చెందిన గెలీలియో ఉపగ్రహాలు 2025 జులై నుంచి తమ సందేశాలకు డిజిటల్ సంతకం జోడించి పంపుతున్నాయి. నకలు పంపేవాడు ఆ సంతకాన్ని ముందుగా కల్పించలేడు. కాకపోతే ఆ సంతకం చదవడం ఇరవై ఏళ్ళ కిందట సెస్నాలో బిగించిన రిసీవర్‌కు రాదు. విమాన పరికరాలకు ధ్రువీకరణ సంపాదించడం ఏళ్ళు పట్టే వ్యవహారం.

క్షేమంగా దిగాక పైలట్‌కు ఇంకో పని మిగిలి ఉంటుంది. ఎక్కడ, ఎంత ఎత్తులో, ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్ని గంటలకు తిరిగి వచ్చింది, తెర మీద ఏ అక్షరాలు కనిపించాయి, ఇవన్నీ రాసి పంపాలి. ఢిల్లీ ఉదంతం తర్వాత మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పది నిమిషాల్లోపే సమాచారం అందాలని ఆదేశించింది. ఒక్క నివేదికతో జామర్ దొరకదు, చాలా నివేదికలు మ్యాప్ మీద పెడితే అది ఎక్కడుందో తేలుతుంది. అలాగని ప్రతిసారీ తేలదు. 2022 అక్టోబరులో డాలస్ చుట్టుపక్కల రెండు రోజుల పాటు జీపీఎస్ తారుమారై, ఒక రన్‌వే మూసేయాల్సి వచ్చినా, కారణం ఏమిటో ఎవరూ పట్టుకోలేకపోయారు. న్యూజెర్సీలోని నెవార్క్ విమానాశ్రయంలో మాత్రం ఓపిక ఫలించింది. జీపీఎస్ ఆధారంగా విమానాలను దించడానికి అక్కడ పెట్టిన కొత్త పరికరానికి 2009 నుంచి అప్పుడప్పుడూ మతి పోతుండేది. పక్కనే ఉన్న హైవే మీద పోయే బండ్ల మీద అనుమానం పడింది. 2012 ఆగస్టులో అధికారులు ఒక పికప్ ట్రక్కును ఆపి చూస్తే సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించిన జామర్ దొరికింది. తను ఎక్కడ తిరుగుతున్నాడో కంపెనీకి తెలియకుండా ఉండటానికి డ్రైవరు దాన్ని కొనుక్కున్నాడు. జరిమానా 31,875 డాలర్లు.